వీసాగీచాక్ వచ్చాడా, వచ్చిందా? క్రీ ఒపేరాకి తెలుగు సర్‌టైటిల్స్

వట్రసుడి
క్రీ అంటే కెనడా ఆదివాసీ జాతి ఒకటి. వాళ్ళ భాషలో పిమూటీవిన్ అనే ఒపేరా ఉంది. అందులో ఓ 20 నిమిషాల భాగానికి తెలుగు సర్‌టైటిల్స్, అంటే పాట సాగుతుంటే తెర మీద పడే అనువాదం, కడుతున్నాం. ప్రదర్శనకి కాదు, నాటక బృందంలో వర్క్‌షాప్‌కి. మాటలు టామ్సన్ హైవే, సంగీతం మెలిసా హుయ్, 2008లో టొరొంటోలో మొదటిసారి ఆడారు. వీసాగీచాక్ అనే మాయలమారి, గద్ద కలిసి చచ్చిపోయినవాళ్ళ లోకానికి వెళ్ళి, వాళ్ళని వెనక్కి తేవాలని చూస్తారు. అదీ కథ.

మొదటి స్లైడ్‌లోనే ఇరుక్కున్నాం. వీసాగీచాక్ 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? క్రీలో ఆడా మగా తేడా లేదు. తెలుగులో సర్వనామం ఎగ్గొట్టినా క్రియ పట్టించేస్తుంది. ఇంగ్లీషులో చాలామంది 'హీ' అని కానిచ్చేశారు. మనమూ కానిచ్చేద్దామా?

మూడో_గంట
'వచ్చాడు' పెట్టేసి ముందుకి పొండి. 3 సెకన్లు కనబడే స్లైడ్‌లో ఎవడూ వ్యాకరణం వెతకడు.

క్రియాపదం
వెతకడు, నిజమే. నమ్మేస్తాడు. అదే చిక్కు. మొదటి స్లైడ్‌లో 'వచ్చాడు' చూసినవాడి బుర్రలో ఆఖరి స్లైడ్ దాకా మీసాలున్న మనిషే తిరుగుతుంటాడు.

క్రీ నామవాచకాలకి లింగం అంటే ప్రాణమున్నవి, లేనివి అనే రెండే. మన మహత్తు, అమహత్తు లాంటిదే కానీ గీత వేరేచోట పడింది. మనిషి, కుక్క, గద్ద, సూర్యుడు, చంద్రుడు, రాయి, చుట్ట పీల్చే గొట్టం ఇవన్నీ ప్రాణమున్న వైపే. రాస్ప్‌బెర్రీకి ప్రాణం ఉంది, స్ట్రాబెర్రీకి లేదు. 'పిమొహ్తేవ్' అంటే నడుస్తాడు, నడుస్తుంది, రెండూ. క్రియ చూసి ఆడో మగో చెప్పడం కుదరదు.

హైవే దీన్ని తన నాటకాల్లో కావాలనే వాడుకున్నాడు. ఇదే మాయలమారిని ఒజిబ్వే అనే ఇంకో జాతి వాళ్ళ పేరుతో నానబుష్ అని పెట్టి, 1986లో వచ్చిన 'ది రెజ్ సిస్టర్స్'లో మగ నర్తకుడి చేత వేయించాడు. దాని జోడు నాటకంలో అదే పాత్ర ఆడమనిషి. కాబట్టి 'వచ్చాడు' అంటే చిన్న సర్దుబాటు కాదు, పాత్రలో సగం కోసేయడం.

గోదారిగట్టు
రాస్ప్‌బెర్రీకి ప్రాణం, స్ట్రాబెర్రీకి లేదా? ఏం పాపం చేసిందండీ అది?

క్రియాపదం
తెలుగులో కోడలు 'వచ్చింది', బస్సూ 'వచ్చింది', కొడుకు మాత్రం 'వచ్చాడు'. మనం నవ్వకూడదు.

గోదారిగట్టు
సరే, నోరు మూసుకున్నా.

దరువు_దాసు
మీరంతా పెద్దగా చూస్తున్నరు గాని, సర్‌టైటిల్స్‌ల ఎన్ని లైన్లు ప్రథమ పురుషల ఉన్నయో లెక్కపెట్టిన్రా? పాత్ర పాడుతుంటే 'నేను', 'నువ్వు'లే ఎక్కువుంటయి. 'నేను వచ్చిన', 'నువ్వు పోయినవ్'. వీటిల ఆడ మగ లేదు. చిక్కల్లా కథ చెప్పే లైన్లల్ల, బృందగానంలనే. ముందు ఆ లైన్లు ఏరి పక్కన పెట్టుకోన్రి. 150 స్లైడ్లల్ల 25, 30కి మించవు.

వట్రసుడి
ఇప్పుడే లెక్కేశాం దాసన్నా. మా 20 నిమిషాలకి 112 స్లైడ్లు, అందులో చిక్కువి 19. ప్రాణం లేచొచ్చింది.

క్రియాపదం
ఆ 19కి తెలుగులోనే దార్లున్నాయి. నాకు తట్టినవి:

'-లేదు' వాడండి. 'రాలేదు', 'వినలేదు', 'ఆగలేదు' అందరికీ ఒకటే. 'వీసాగీచాక్ ఊరుకోలేదు' అంటే ఆడా మగా బయటపడదు. వ్యతిరేకంలో చెప్పగల వాక్యాలన్నీ దీంట్లోకి లాగొచ్చు. మరీ ఎక్కువైతే మాత్రం పోలీసు రిపోర్టులా ఉంటుంది.

క్రియని నామంగా మార్చండి. 'బుట్ట మూత తీయడం, అందరూ ఎగిరిపోవడం, రెప్పపాటులో.' ఇది మన కథలు చెప్పేవాళ్ళ నోట సహజంగానే ఉంది.

ఇద్దర్నీ కలిపి చెప్పగలిగితే కలపండి. 'ఇద్దరూ బయల్దేరారు.' గద్ద ఎలాగూ పక్కనే ఉంది.

'-ఏ', '-ఇన' విశేషణం. 'ముందు నడిచే వీసాగీచాక్, వెనకే గద్ద.' క్రియే అక్కర్లేదు.

గౌరవ బహువచనం, అంటే 'వీసాగీచాక్ వచ్చారు', మాత్రం వద్దు. కలెక్టరు వచ్చినట్టుంటుంది. అల్లరి చేసి, తిండికి కక్కుర్తిపడి, తన తోకకి తానే నిప్పంటించుకునే జాతి పాత్రకి 'గారు' తగిలిస్తే హాస్యం చచ్చిపోతుంది.

మూడో_గంట
ఒప్పుకున్నా. '-లేదు' ఉపాయం బావుంది. కానీ 'తీయడం, పోవడం' రెండు స్లైడ్లకి మించి వరసగా వద్దు. సినాప్సిస్ చదువుతున్నట్టుంటుంది.

తంబూరా72
ఇంకో గొడవ. చచ్చిపోయినవాళ్ళు 'వాళ్ళు' అవుతారా, 'అవి' అవుతాయా? ఆత్మలు అంటే 'అవి' అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

క్రియాపదం
'వాళ్ళు'. సందేహమే లేదు. 'ఆత్మ' అనే మాటే వద్దు. దాంతో పాటు కర్మ, పునర్జన్మ, గరుడ పురాణం అన్నీ దూరిపోతాయి. 'పోయినవాళ్ళు' చాలు. తెలుగులో అంతకన్నా మంచి మాట లేదు, పైగా నడక అనే భావం కూడా అందులోనే ఉంది.

వట్రసుడి
నడక అంటే గుర్తొచ్చింది. పేరుకి తెలుగు ఏం పెట్టాలి? ఇంగ్లీషు ఉపశీర్షిక ప్రకారం 'ప్రయాణం' అనుకున్నాం.

క్రియాపదం
పిమూటీవిన్‌ని సరిగ్గా రాస్తే 'పిమొహ్తేవిన్'. 'పిమొహ్తే' అంటే నడవడం. '-విన్' మన '-క', '-ట' లాంటిది, క్రియని నామం చేస్తుంది. కాబట్టి 'నడక'. ప్రయాణం అంటే రైలు టికెట్ గుర్తొస్తుంది.

గోదారిగట్టు
'పోక' అంటే? పోయినవాళ్ళ దగ్గరికి పోక.

దరువు_దాసు
పోక అంటే వక్క గాదా మా దిక్కు. ఒపేరా పేరు వక్క!

గోదారిగట్టు
మా వైపూ అంతే. ఉపసంహరించుకున్నా.

విన్నిపెగ్_చలి
కథ మూలం గురించి ఒక ముక్క. మాయలమారి, గద్ద కలిసి పోయినవాళ్ళ కోసం వెళ్ళే కథ క్రీ వాళ్ళ సొంతం మాత్రమే కాదు. కొలంబియా నది పక్కన విష్రమ్ జనాల్లో కయోటీ (నక్కలాంటి జంతువు, అక్కడి మాయలమారి అదే), గద్ద కథగా రాసిపెట్టింది ఉంది. అందులో పోయినవాళ్ళు రాత్రిళ్ళే వస్తారు, చంద్రుడి వెలుగులో ఆడిపాడతారు. తెల్లారేసరికి కప్ప ఎగిరి చంద్రుణ్ణి మింగుతుంది, చీకటి పడగానే అందరూ మాయం. కయోటీ ఆ కప్పని చంపి, దాని తోలు తొడుక్కుని, తనే చంద్రుణ్ణి మింగి, చీకట్లో అందర్నీ పట్టి బుట్టలో వేసి మూతపెట్టి మోసుకొస్తాడు. దారిలో బరువెక్కుతుంది, లోపల్నించి మాటలు వినబడతాయి, ఇంకొంచెం దూరంలో ఇల్లు అనగా మూత తీసేస్తాడు. అందుకే చావు శాశ్వతమైంది.

మీ వర్క్‌షాప్‌లో రెండు రూపాలూ పక్కపక్కన చదివిస్తే ఒపేరా ఏం మార్చిందో తెలుస్తుంది. కయోటీ బదులు వీసాగీచాక్ రావడం మొదటి మార్పు. జానపదం ఎవరూ మార్చకుండా అద్దాలపెట్టెలో పెట్టుకున్న వస్తువు కాదు, ఒక జాతి నుంచి ఇంకో జాతికి నడిచి వెళ్తుంది.

గోదారిగట్టు
మన సావిత్రి మాత్రం మూత తీయలేదు.

తంబూరా72
సావిత్రి ఒక్కణ్ణే అడిగింది. బుట్టెడు మందిని అడిగితే యముడూ మూత తీయించేవాడు.

దరువు_దాసు
కప్ప తోలు తొడుక్కునుడు చదువుతుంటే యక్షగానంల కట్టియంకాడు యాదికొచ్చిండు. గీ కథ చిందోళ్ళ చేతుల పడితే ఒక రాత్రంత ఆడుతరు. ఇది ఒపేరా అని పిలిచి చిన్నగ చేసిన్రేమో!

తంబూరా72
పేరు దగ్గర నేనొప్పుకోను. యక్షగానంలో దరువు, ద్విపద, వచనం ఎక్కడికక్కడ విడివిడిగా తెలుస్తాయి. ఒపేరాలో స్వరకర్త ప్రతి అక్షరానికీ కాలం నిర్ణయించి కాగితం మీద పెడతాడు. పాడేవాడికి దాన్ని సాగదీసే స్వేచ్ఛ తక్కువ. ఇక్కడే అసలు పని ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే మొదలుపెడతా.

క్రీలో హ్రస్వ దీర్ఘ భేదం తెలుగులో ఉన్నంత గట్టిగా ఉంది. 'సకహికన్' అంటే మేకు. 'సాకహికన్' అంటే సరస్సు. మొదటి అచ్చు తప్ప ఇంకేం తేడా లేదు. ఇప్పుడు స్వరకర్త 'సకహికన్'లో మొదటి అక్షరం మీద రెండు మాత్రల స్వరం పెట్టాడనుకోండి, మేకు కాస్తా చెరువైపోతుంది. ఇటాలియన్, ఇంగ్లీషు ఒపేరాకి అలవాటైన చెయ్యి ఊనిక చూసుకుంటుంది కానీ నిడివి చూసుకోదు. అందుకే క్రీ మాటలకి బాణీ కట్టేవాళ్ళు ముందు మాటలు తెలిసినవాళ్ళ చేత చదివించి, రికార్డు చేసుకుని, గురులఘువులు గుర్తుపెట్టుకుని అప్పుడు స్వరం వేయాలి. పొడుగు స్వరాలు, గమకాల్లాంటి సాగతీతలు దీర్ఘాల మీదే పడాలి. హ్రస్వం మీద తప్పదంటే దాని వెనక దీర్ఘాన్ని ఇంకా పొడిగించి తేడా నిలబెట్టాలి.

గోదారిగట్టు
మన కీర్తనల్లో హ్రస్వాన్ని ఎనిమిది అక్షరాల కాలం లాగరా? ఎవరికీ అర్థం మారలేదే!

తంబూరా72
మనకి సాహిత్యం ముందే కంఠస్థం. లాగినా బుర్ర సరిచేసుకుంటుంది. కొత్తగా వినే ఒపేరాకి ఆ సౌకర్యం లేదు. మనలోనూ కొత్త కీర్తన విన్నప్పుడు సగం మాటలు ఎవరికి తెలుస్తున్నాయో నిజం చెప్పండి.

గోదారిగట్టు
అదీ నిజమే లెండి.

వట్రసుడి
మా వర్క్‌షాప్‌లో ఒక పేజీ మూలాన్ని మనవాళ్ళే పైకి చదవాలి. ఉచ్చారణకి తేలిక దారి ఉందా? రోమన్ లిపిలో చూస్తే 'వీసాగీచాక్' లో ఏది దీర్ఘమో అంతు చిక్కడం లేదు.

క్రియాపదం
తెలుగు లిపిలో రాసుకోండి. నవ్వులాట కాదు, గుర్తుల్లేని రోమన్‌కన్నా మన లిపి క్రీకి బాగా అమరుతుంది.

అచ్చులు ఏడే. హ్రస్వాలు అ, ఇ, ఒ. దీర్ఘాలు ఆ, ఈ, ఓ, ఏ. హ్రస్వ 'ఎ' లేదు, కాబట్టి ఎక్కడ కనబడినా 'ఏ' అని పలకండి. 'ఒ' కొన్నిచోట్ల 'ఉ' వైపు జారుతుంది, కంగారు పడొద్దు.

హల్లుల్లో ప/బ, త/ద, క/గ తేడా అర్థాన్ని మార్చదు. అందుకే ఒకరు వీసాగీచాక్ అని, ఒకరు వీసాకేచాక్ అని రాస్తారు. శాస్త్రీయంగా రాస్తే 'వీసహ్కేచాహ్క్'. ఆ 'చ' మైదాన ప్రాంతపు క్రీలో మన దంత్య 'చ'కి దగ్గర, 'చాప'లో 'చ'. 'చిలక'లో 'చ' కాదు. ఈ విషయంలో తెలుగువాళ్ళకి దొరికిన లాభం ఇంగ్లీషు గాయకులకి లేదు.

హల్లుకి ముందొచ్చే 'హ్' ని మింగకండి. 'పిమొహ్తేవిన్'లో 'హ్' ఉంది. మన 'బ్రహ్మ'ని 'బ్రమ్మ' అన్నట్టు ఇక్కడ చేస్తే మాట మారిపోయే ప్రమాదం ఉంది.

తంబూరా72
పాడేటప్పుడు ఆ 'హ్' కి వేరే స్వరం ఇవ్వకూడదు. ముందున్న అచ్చు కాలంలోంచే చివర కాస్త ఊపిరి వదలాలి. అచ్చుని చివరిదాకా నిండుగా లాగే అలవాటున్న గాయకుల దగ్గర మొదట పోయేది ఇదే.

విన్నిపెగ్_చలి
మాండలికం ఒకటే పట్టుకోండి. 'నేను' అనే ఒక్క మాటే మైదానాల్లో 'నీయ', చిత్తడి నేలల వైపు 'నీన', మూస్ నది దగ్గర 'నీల', ఉత్తరపు అడవుల వైపు 'నీద' లాంటి మెత్తటి శబ్దం. రాసినవాళ్ళది ఒక మాండలికం, పాడటం నేర్పేవాళ్ళది ఇంకోటి అయితే రిహార్సల్ సగంలో రెండూ కలిసిపోతాయి. చెవికి పట్టుబడదు, తెలిసినవాళ్ళు వింటే మాత్రం శ్రీకాకుళం నోట్లో కరీంనగర్ మాట.

దరువు_దాసు
అట్ల మాట్లాడేటోళ్ళు హైదరాబాద్‌ల మస్తుమంది ఉన్నరు.

వట్రసుడి
క్రీకి సొంత లిపి కూడా ఉందంటారు కదా?

క్రియాపదం
ఉంది, 1840 ప్రాంతంలో నార్వే హౌస్‌లో జేమ్స్ ఇవాన్స్ అనే పాదరీ అచ్చు వేసినది. క్రీ పెద్దల కథనం మాత్రం ఆ లిపి తమవాడికే పైలోకం నుంచి దక్కిందని. అందులో గుణింతం చూస్తే ముచ్చటేస్తుంది. 'ప'కి త్రికోణం లాంటి ఒక ఆకారం. అది ఏ వైపు తిరిగితే ఆ అచ్చు. పైకి, కిందకి, కుడికి, ఎడమకి. కొమ్ములూ గుడులూ లేవు, అక్షరాన్నే తిప్పడం. దీర్ఘానికి పైన చుక్క.

గోదారిగట్టు
మనకి ఇదే పెట్టుంటే ఒకటో తరగతిలో పిల్లలు పలకని తిప్పి గుణింతం అప్పజెప్పేవాళ్ళు.

మూడో_గంట
ఇంతకీ అనుమతి సంగతి? మాటల హక్కు, సంగీతం హక్కు వేరువేరు. అనువదించి తెర మీద వేయడం మూడో హక్కు. వర్క్‌షాప్ అయినా అడగాల్సిందే. ఉత్తరంలో నాలుగు విషయాలు రాయండి: ఎన్ని నిమిషాల భాగం, ఎంతమంది చూస్తారు, టికెట్ ఉందా లేదా, రికార్డింగ్ చేస్తారా లేదా. నాలుగోది రాయకపోతే జవాబు ఆలస్యం, లేదా నేరుగా కాదనేస్తారు.

వట్రసుడి
రాశాం. రికార్డింగ్ లేదని కూడా రాశాం. జవాబు వచ్చాకే తెర.

దరువు_దాసు
ఒక మాట అడుగుత. వర్క్‌షాప్ మొదట్ల మన దిక్కుది కూడ ఏదన్న పెడితే మంచిగుంటది. కోయ డోలోళ్ళు సమ్మక్క కథ పాడే పాట రికార్డులు ఉన్నయి. అండ్లకెళ్ళి రెండు నిమిషాల బాణీ తీస్కొని, దానికి మన మాటలు కట్టి, నాంది లెక్క పాడిపిస్తే?

తంబూరా72
వద్దు దాసన్నా. సరిగ్గా ఇదే పని చేసి ఒక పెద్ద ఒపేరా 50 ఏళ్ళ తరవాత దొరికిపోయింది.

1967లో కెనడా శతాబ్ది ఏడాదికి హ్యారీ సోమర్స్ 'లూయీ రియెల్' అనే ఒపేరా కట్టాడు. మూడో అంకంలో రియెల్ భార్య బిడ్డని జోకొడుతూ 'కుయాస్' అనే పాట పాడుతుంది. మాటలు క్రీ. బాణీ మాత్రం క్రీ వాళ్ళది కాదు, పడమటి తీరంలో నాస్ నది దగ్గరి నిస్గా జనాలది. 1927లో మారియస్ బార్బో, ఎర్నెస్ట్ మెక్‌మిలన్ అక్కడికి వెళ్ళి సేకరించుకొచ్చినది. అది జోలపాట కూడా కాదు, ఒక పెద్ద మనిషి చావు మీద పాడే శోకగీతం. నిస్గా పద్ధతిలో పాట ఒక వంశం ఆస్తి. హక్కున్నవాళ్ళే, తగిన సందర్భంలోనే పాడాలి. వేళ కాని వేళ పాడితే కీడు.

సోమర్స్ దొంగతనం చేద్దామని చేసి ఉండడు. పుస్తకంలో అచ్చయిన బాణీ, అందరిదీ అనుకున్నాడు. 2017లో కెనడియన్ ఒపేరా కంపెనీ మళ్ళీ ఆడినప్పుడు నిస్గా వాళ్ళు వచ్చి ఇది మా పాట అని చెప్పారు. ఆ తరవాత ఇయన్ కస్సన్ అనే మెటీస్ (ఆదివాసీ, ఐరోపా మూలాలు కలిసిన కెనడా జాతి) స్వరకర్త చేత అదే చోటికి అతికేలా కొత్త జోలపాట కట్టించారు.

డోలి పాట సంగతీ దీనికి దూరం కాదు. పడిగె (వేల్పుల బొమ్మలున్న గుడ్డ) తీసేది, డోలు కొట్టేది, ఆ గట్టు, అంటే గోత్రం, వేల్పుల కథ ఎత్తేది పండగల్లో, కొలుపుల్లో. అది కచేరీ ఐటం కాదు.

దరువు_దాసు
నేనొప్ప. సకిని రామచంద్రయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన సమ్మక్క కథ తెలుగుల, కోయల బయట వేదికల మీద కూడ పాడిండు. దాచిపెట్టిన పాట గాదు. ఎవ్వరు ముట్టకుంటే ఆ పాట వాళ్ళతోనే పోతది. మీ నిస్గా లెక్క ఇక్కడ అతకది.

తంబూరా72
ఆయన పాడటం వేరు, ఆయన బాణీకి మనం మన మాటలు కట్టడం వేరు. మొదటిది వాళ్ళ నిర్ణయం. రెండోది మనది, వాళ్ళనడగకుండా.

విన్నిపెగ్_చలి
ఇద్దరూ చెరో సగం సరిగ్గానే అన్నారు. ఉత్తర ఐరోపా ఆదివాసులు సామీ వాళ్ళ దగ్గర ఇంకో పద్ధతి చూడండి. జోయిక్ అని వాళ్ళ పాట. ఒక మనిషి 'గురించి' జోయిక్ పాడరు, ఆ మనిషినే పాడతారు, క్రియ నేరుగా కర్మని పట్టుకుంటుంది. కట్టినవాడిది కాదు, ఎవరిని పాడారో వాళ్ళది ఆ పాట. అంటే ఒక్కో జాతి దగ్గర హక్కు ఒక్కోచోట కూర్చుంది: వంశం దగ్గర, పాడబడ్డ మనిషి దగ్గర, సందర్భం దగ్గర. కోయ డోలి దగ్గర ఎక్కడ కూర్చుందో ఇక్కడ ఫోరంలో తేలదు, పడిగె ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళ దగ్గర తేలుతుంది. అడిగేటప్పుడు 'వాడుకోవచ్చా' అని అడిగితే మర్యాదకి ఊ అంటారు. 'దీంట్లో ఏది బయట పాడకూడదు' అని అడగండి. అప్పుడు అసలు జవాబు వస్తుంది.

దరువు_దాసు
ఆఖరి మాట మంచిగ చెప్పినవ్. బాణీ సంగతి ఇడిశిపెడ్తున్న. డోలోళ్ళు ఒప్పుకుంటే వాళ్ళనే పిలిచి, వాళ్ళకు నచ్చినంత పాడిపిద్దాం. మన మాటలు కట్టుడు లేదు. పైసలు మాత్రం ముందుగల మాట్లాడున్రి, శాలువతోని పంపకున్రి.

మూడో_గంట
శాలువా మీద ప్రత్యేక చర్చ పెట్టాలి ఎప్పుడో.

గోదారిగట్టు
నాకో సందేహం. పిమూటీవిన్‌కి సంగీతం కట్టిన మెలిసా హుయ్ హాంకాంగ్‌లో పుట్టారు, క్రీ కాదు. మరి దీన్ని ఆదివాసీ ఒపేరా అని ఎలా అంటాం?

తంబూరా72
మాటలు క్రీ, భాష క్రీ, దర్శకుడు మైకెల్ గ్రేఐస్ ప్లెయిన్స్ క్రీ. క్రీ భాషలో మొదటి ఒపేరా అనే దీన్ని పరిచయం చేశారు. సంగీతం మాత్రం బయటి మనిషిది. దాచలేదు కాబట్టి నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే 1913లో యూటాలోని వెర్నల్‌లో ఆడిన 'సన్ డాన్స్ ఒపేరా'లో. జిట్కాలా-షా అనే యాంక్టన్ డకోటా రచయిత్రి, విలియం హాన్సన్ కలిసి కట్టారు. సూర్యనృత్యం మీద అప్పటికి ప్రభుత్వ నిషేధం ఉంది. ఊళ్ళో చేస్తే నేరం, రంగస్థలం మీద చేస్తే కళ. ఆమె పోయిన 1938లోనే న్యూయార్క్‌లో మళ్ళీ ఆడినప్పుడు స్వరకర్తగా హాన్సన్ పేరు ఒక్కటే వేశారు.

గోదారిగట్టు
ఇలాంటివి మన దగ్గరా బోలెడు. పేర్లు చెప్తే మోడరేటర్ తాళం వేస్తాడు.

మూడో_గంట
అందరూ భాష దగ్గరే ఆగిపోయారు. సర్‌టైటిల్స్ తెర మీద ఎలా చస్తాయో చెప్తా, రాసుకోండి.

స్లైడ్‌కి రెండు లైన్లు, లైన్‌కి 22 నుంచి 25 అక్షరాలు. ఇంగ్లీషు లెక్క 40 చూసి మోసపోవద్దు, మన అక్షరం వెడల్పు ఎక్కువ. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ 1.5 రెట్లు పెట్టండి, లేకపోతే పై లైన్ 'స్త్ర' కింద లైన్ గుడిని గుద్దుతుంది.

నల్ల నేపథ్యం మీద బూడిద కలిసిన తెలుపు. పూర్తి తెలుపు పెడితే చీకటి సన్నివేశంలో తెరే లైటయిపోతుంది. పోయినవాళ్ళు చీకట్లో ఆడే కథ కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం. సన్నటి ఫాంటు వద్దు.

ఫైల్ ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఫాంటు మారి వత్తులు విడిపోతాయి. 'క్రీ' కాస్తా 'క్ రీ' అవుతుంది. ప్రతి స్లైడ్‌నీ బొమ్మగా మార్చి పట్టుకెళ్ళండి. చివరి నిమిషం దిద్దుబాటుకి మూల ఫైల్ కూడా వెంట ఉంచుకోండి.

స్లైడ్ మార్చే మనిషి గడియారం చూడకూడదు, స్వరపత్రం చూడాలి. ఏ గతిలో, ఏ అక్షరం దగ్గర నొక్కాలో దాని మీదే పెన్సిల్‌తో నంబరు వేసుకోవాలి. మళ్ళీ మళ్ళీ పాడే పల్లవికి ఒకసారే స్లైడ్, తరవాత ఖాళీ నలుపు. నాట్యం ఉన్నచోట కూడా నలుపు. నవ్వు పుట్టే మాట గాయకుడి నోట రాకముందే తెర మీద పడితే హాలు ముందే నవ్వేస్తుంది, గాయకుడు బిత్తరపోతాడు. అలాంటి లైన్ని రెండు స్లైడ్లుగా విరగ్గొట్టండి. మూత తీసే చోటు మీకు అదే.

వట్రసుడి
ఇది బంగారం. మూత తీసేచోట ఇంకో చిక్కుంది. 'అతను మూత తీశాడు' అంటే ఎవరు తీశారు? పక్కన గద్ద కూడా ఉంది.

క్రియాపదం
క్రీలో ఆ గందరగోళం ఉండదు. ఇద్దరు ప్రథమ పురుషులుంటే ఒకరు దగ్గరివాడు, రెండోవాడికి వేరే ప్రత్యయం. నాలుగో పురుష అనుకోండి. ఎవరు ఎవర్ని చూశారో, ఎవరు ఎవరి మాట విన్నారో క్రియే చెప్పేస్తుంది. తెలుగులో దగ్గరిది 'తాను'. 'గద్ద వద్దంటున్నా తాను ఆగలేదు.' ఎవరు ఆగలేదో తెలిసింది, ఆడో మగో తెలియలేదు.

మూడో_గంట
22 అక్షరాల్లో ఇమిడింది కూడా. అబ్బ.

విన్నిపెగ్_చలి
2019లో పిమూటీవిన్‌ని ఒక సామీ భాషా ఒపేరాతో జోడించి ఆడారు, అదీ టొరొంటోలోనే. రెండోదాని పేరు గాల్లాబార్త్నిత్. రౌద్నా కరీటా ఐరా మాటలు, బ్రిట్టా బైస్ట్రోమ్ సంగీతం. గాల్లాబార్త్నిత్ అంటే సామీ ఆకాశంలో వేటగాళ్ళు, స్కీల మీద దుప్పిని తరిమేవాళ్ళు. మనం మృగశిర దగ్గర చూసే మూడు చుక్కల చోటే వాళ్ళది. మీ దగ్గర సమయం ఉంటే దాని కథ కూడా ఒక పేజీ చదివించండి.

గోదారిగట్టు
మనకి ఆ మూడు చుక్కలూ లేడికి గుచ్చుకున్న బాణం. వేటగాడు లుబ్ధకుడు పక్కన దూరంగా ఉంటాడు. వాళ్ళు వేటగాళ్ళని చూసినచోట మనం దెబ్బని చూశాం.

దరువు_దాసు
గోదారన్నా, గిది పొద్దుగాల నుంచి నువ్వు చెప్పిన మొదటి పనికొచ్చే మాట.

గోదారిగట్టు
రాసిపెట్టుకోండి, మళ్ళీ రాదు.

వట్రసుడి
కథ చెప్పే లైన్ల నమూనా పెడుతున్నా. ఇవి మా మాటలే, హైవే వాక్యాలకి అనువాదం కాదు. పద్ధతి సరిపోయిందో లేదో చూడండి.

స్లైడ్ 1: ముందు నడిచే వీసాగీచాక్ / వెనకే గద్ద
స్లైడ్ 2: ఇద్దరూ పడమటికి / ఎన్నాళ్ళో లెక్క లేదు
స్లైడ్ 3: పోయినవాళ్ళ ఊరు / పగలు ఖాళీ
స్లైడ్ 4: చంద్రుడు వచ్చాడు
స్లైడ్ 5: వాళ్ళూ వచ్చారు

మూడో_గంట
4, 5 విడగొట్టడం బావుంది. స్లైడ్ 2లో 'లెక్క లేదు' మొదటి లైన్‌కి వేలాడుతోంది. 'ఎన్నాళ్ళు నడిచారో' అని పెడితే నయం.

క్రియాపదం
చంద్రుడు మాత్రం 'వచ్చాడు'. చూశారా, వీసాగీచాక్‌కి ఇవ్వని మీసం చంద్రుడికి ఇచ్చేశాం.

వట్రసుడి
చంద్రుడిది తెలుగులో పాత మీసం. ఉండనివ్వండి.

దరువు_దాసు
వెన్నెల అను. వెన్నెల వచ్చింది. ఎవ్వనికీ మీసం ఉండది.

క్రియాపదం
కప్ప మింగాల్సింది వెన్నెలని కాదు కదా దాసన్నా, చంద్రుణ్ణి.

వట్రసుడి
మా భాగంలో కప్ప లేదు. వెన్నెల ఖాయం. స్లైడ్ 4 మార్చేశా, మిగతా 14 లైన్లు రేపు పెడతా.